మిగిలిన మందు

వార్డు తుడిచే వేళకి రోగుల తాలూకు మనుషులందరినీ బయటికి పంపేస్తారు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళ చుట్టాలైనా, చివరికి పనిచేసేవాళ్ళే అయినా, చీపురు ముందు అందరూ ఒకటే. ఈ సంగతి ఆమెకి ఏళ్ళుగా తెలుసు గాని, గుమ్మానికి ఇవతల, వసారాలో బల్ల మీద కూర్చోవడం ఇదే మొదలు. బల్ల ఇంత పొట్టిగా ఉంటుందని, కూర్చుంటే మోకాళ్ళు పైకి లేచి మనిషి ఉన్నట్టుండి చిన్నదైపోతుందని ఇన్నాళ్ళూ తెలీలేదు. పక్కన ఆడపడుచు గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. నిద్ర కాదు, నిద్రపోయే మనిషి సంచీ తాడుని అలా వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టదు. లోపల, కిటికీ పక్క మంచం మీద అత్తగారు. ఇంకో గంటలో ల్యాబ్ నుంచి ఫోన్ వస్తుంది. అత్తగారి రక్తంలో పెరిగిన క్రిమి ఏ మందుకి చస్తుందో, ఏ మందుకి చావదో చెప్తారు. ఆ తర్వాత ఆమె ఒక మాట చెప్పాలి. పెద్ద మందు కొనసాగించమనో, ఆపమనో. భయం వేయాలి కదా అనుకుంది. భయం కోసం లోపల వెతుక్కుంది, చీకట్లో స్విచ్చి కోసం గోడ తడిమినట్టు. చేతికి గోడే తగిలింది. పన్ను పీకే ముందు చిగుళ్ళకి సూది వేస్తారు, ఆ తర్వాత పెదవి కొరుక్కున్నా తెలీదు, ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుంటే నెత్తురు కనిపిస్తుంది. అలా ఉంది. ఎక్కడో కొరుక్కుంటూనే ఉండి ఉంటుంది, ఎప్పుడో కనిపిస్తుంది.

నేల తుడిచే మందు వాసన గుమ్మం కింద నుంచి వసారాలోకి పాకింది. ఇంట్లో అత్తగారు కూడా బకెట్లో ఇలాంటిదే వేస్తుంది, మూతలో సగం. సీసా అడుగుకొచ్చాక అందులో నీళ్ళు పోసి, గిలక్కొట్టి, ఇంకో నాలుగు పూటలు గడుపుతుంది. ఏదీ పారేసే మనిషి కాదు. అరిగిన సబ్బు ముక్కని కొత్త సబ్బు వీపు మీద అతికిస్తుంది, అందుకని ఆ ఇంట్లో ఏ సబ్బు చూసినా మూపురంతోనే ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఆ మూపురం అరచేతికి తగిలినప్పుడల్లా ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది, ఎంత అలవాటైందంటే ఇప్పుడు ఆసుపత్రి సింకు దగ్గర చదునైన సబ్బు పట్టుకుంటే చేతికి ఏదో తక్కువైనట్టుంటుంది. తెగిన చెప్పు, చివర చిరిగిన దుప్పటి, పాత కవర్లు, ఊడిన గుండీలు, దేనికైనా ఒక రోజు వస్తుందని ఆవిడ నమ్మకం. పక్కింటావిడతో ఒకసారి గర్వంగా చెప్తుంటే వంటింట్లోకి వినిపించింది, మా కోడలు కూడా నాలాగే, ఆసుపత్రి వాళ్ళు దానికి పొదుపు చేసే ఉద్యోగం ఇచ్చారు అని. అప్పుడు నవ్వొచ్చింది. ఆ నవ్వు గుర్తుంది గాని ఎలా ఉండేదో గుర్తు రావడం లేదు, ఎవరిదో ఫోటో చూస్తున్నట్టుంది.

పొదుపే మరి, కాదని ఎలా అంటుంది. ఆమె ఫార్మసిస్టు. మందులు ఇవ్వడం కాదు మా ఆవిడ పని, ఇవ్వకుండా చూడ్డం అని భర్త చుట్టాల దగ్గర జోక్ చేస్తాడు. ఏ వార్డులో ఎవరికి ఏ యాంటీబయాటిక్ పెట్టారో, ఎందుకు పెట్టారో, ఇంకా ఎందుకు ఆపలేదో అడగడం ఆమె వంతు. కుర్ర డాక్టర్లు ఎదురుగా మేడమ్ అంటారు, వెనక పిసినారి అంటారు. ఎంగిలి చేత్తో కాకిని తోలదురా అని ఒకడు లిఫ్టులో అంటుంటే, వాడి వెనకే నిలబడి పై అంతస్తు దాకా వెళ్ళింది, దిగేటప్పుడు వాడి భుజం తట్టి కాకి కాదు నాన్నా, క్రిమి అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ మాట ఆసుపత్రి అంతా తిరిగింది. పెద్ద మందులు కొన్ని తాళం అల్మారాలో ఉంటాయి, మిగతావన్నీ ఓడిపోయాక వాడాల్సినవి. ఊరికే వాడేస్తే క్రిములు వాటికీ ఆరితేరతాయి, దొంగకి రోజూ తాళంచెవి చూపిస్తే వాడు తయారు చేయించుకోడా. ప్రాణం మీదికి వస్తే ఎవరూ ఎవరినీ అడగరు, ముందు ఇచ్చేస్తారు. కాని ల్యాబ్ నుంచి ఫలితం రాగానే కూర్చుని మళ్ళీ చూడాలి. చిన్న మందుకి లొంగే క్రిమి అయితే పెద్దది ఆపేసి చిన్నదానికి దిగాలి. ఎక్కడానికి అందరూ సిద్ధమే, దిగమంటేనే పేచీ. మనిషి తేరుకుంటున్నాడు మేడమ్, పనిచేస్తున్న మందుని ఎందుకు కదపడం, ఇంకో నాలుగు రోజులు ఉండనివ్వండి. ఈ మాట ఆమె ఎన్ని గొంతుల్లో విందో. అన్ని గొంతులకీ ఒకే జవాబు చెప్పింది. ఆ జవాబు ఎంత బాగా వచ్చంటే, మధ్యలో వేరే పని గురించి ఆలోచించుకుంటూ కూడా చెప్పగలదు.

మొన్న అత్తగారు వణుకుతూ కారులో పడుకున్నప్పుడు ఏం ఆలోచించింది? ట్రాఫిక్ లైటు గురించి. పచ్చ పడ్డా ముందు బండి కదలకపోతే హారన్ కొట్టాలా వద్దా అని భర్త తటపటాయిస్తున్నాడు, కొట్టండీ అంది. వెనక సీట్లో అత్తగారి తల ఆడపడుచు ఒళ్ళో ఉంది. పళ్ళు టకటకమంటుంటే ఆ మధ్యలోనే ఆవిడ నిజం చెప్పేసింది. మూత్రానికి వెళ్తే మంటగా ఉందట, చాలా రోజులైందట. డబ్బాలోవి వేసుకుంటే తగ్గిందట, మళ్ళీ వచ్చిందట, మళ్ళీ వేసుకుందట, డబ్బా అయిపోయిందట. ఏం డబ్బా అమ్మా అని ఆడపడుచు అడిగింది. ఆమె అడగలేదు. అడగకుండానే తెలిసిపోయింది. దుప్పట్ల వెనక బిస్కెట్ డబ్బా. అందులో ఏముంటాయో కూడా కళ్ళకి కట్టినట్టు కనిపించింది, ఆ రాత్రి ఇంటికెళ్ళి తీసి చూస్తే అనుకున్నవే ఉన్నాయి. కొడుకు పంటి నొప్పికి తెచ్చి సగంలో మానేసిన గోళీలు, మనవరాలి చెవిపోటుకి తెచ్చినవి, ఎవరివో రంగు వెలిసిన క్యాప్సూల్ రేకులు, చాలావరకు ఖాళీ. జ్వరం తగ్గగానే మిగిలినవి దాచేయడం, ఇంకెవరికైనా వస్తే పనికొస్తాయని. ఊరందరికీ సగం కోర్సులో ఆపొద్దని, మిగిలినవి దాచొద్దని, గోడల మీద కాయితాలు అంటించి చెప్పే మనిషి ఇంట్లో, దుప్పట్ల వెనక. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, ఆమె పెరటి చెట్టు. నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా అంటే, నీకు చెప్తే సీసా ఇచ్చి అందులో పట్టమంటావు, ఇంట్లో మగవాళ్ళ ముందు సీసా పట్టుకుని ఎలా నడవను అంది. అంత వణుకులోనూ సిగ్గుపడింది. ఆడపడుచు ఏడుస్తూనే నవ్వేసింది. ఆమె మాత్రం లైటు ఎరుపుకి మారడం చూసింది.

ఎమర్జెన్సీ గదిలో నర్సు సూది మందు సిద్ధం చేస్తుంటే, ముందు రక్తం తీయండి, కల్చర్ సీసాలు నింపాకే మందు అంది. అక్కడ ఉద్యోగం మాట్లాడింది, ఆమె కాదు. మందు ముందు పడితే రక్తంలో క్రిమి ఆ సీసాల్లో పెరగకుండా దాక్కుంటుంది, తర్వాత ఏ మందు సరైనదో ఎవరూ చెప్పలేరు, గుడ్డిగా అన్నీ వేస్తూ పోవడమే. రెండు చేతుల నుంచీ తీయాలి. అత్తగారి చేతులు ఎండు కొమ్మల్లా వణుకుతుంటే నరం చిక్కలేదు. మనిషి పోతుంటే సీసాలు నింపుకుంటావేంటే అని ఆడపడుచు అరిచింది, చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆమె అత్తగారి మోచెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. చర్మం కాలుతోందని చెయ్యి చెప్పింది, ఎంత కాలుతోందో అంకెలో చెప్పింది. అంతే చెప్పింది. సీసాలు నిండాయి. పెద్ద మందు ఎక్కింది. దాని కోసం తాళం తీసింది ఆమె కాదు, ఆమె కింద పనిచేసే అమ్మాయి, అయినా తాళం ఆమెదే.

వసారా బయట పార్కింగులో ఎవరో బండి వెనక్కి తీస్తున్నారు, ఒకావిడ చేతులు ఊపుతూ రా రా రా అంటోంది. వడ్రంగి భార్య చేతులు అలాగే ఉండేవి, మాట్లాడినా ఊరుకున్నా కదులుతూ. వడ్రంగి కాలు విరిగి వచ్చాడు, ఇక్కడికి రాక ముందే మూడు నాలుగు చోట్ల పడుకుని వచ్చాడు, ప్రతి చోటా కిందటి చోటుకన్నా పెద్ద మందు వేసి పంపారు. ల్యాబ్ కాయితంలో మందుల పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి, ప్రతిదాని ఎదుట లొంగదు అనే గుర్తు. పై నుంచి కింది దాకా ఒకే గుర్తు, పిల్లాడు అక్షరం దిద్దినట్టు. ఆమె అల్మారా తాళం తీసి నిలబడింది. అన్ని తాళంచెవులూ చేతిలో ఉన్నాయి, అల్మారా నిండా మందులున్నాయి, ఒక్కటీ పనికిరాదు. డాక్టరు చెప్పలేక, మీరూ రండి మేడమ్ అని వెంటబెట్టుకెళ్ళాడు. వడ్రంగి భార్య ఏడవలేదు. ఇంతకన్నా పెద్ద మందు లేదామ్మా, అంది. లేదన్నారు. ఉంటే దాచకండమ్మా, అంది. ఎంతో మర్యాదగా, దుకాణంలో అడిగినట్టు అంది. దాచలేదమ్మా అని ఆమె చెప్పింది. ఆ రాత్రి ఇంటికెళ్ళి పాలు కాచింది, పొంగిపోతే స్టవ్వు తుడిచింది, తలగడ గలీబులన్నీ తీసి ఇస్త్రీ చేసింది, మడతలు కూడా సరిగ్గా వచ్చాయి. ఏమైందే అని అత్తగారు అడిగితే ఏం లేదత్తయ్యా అంది, అది నిజమే. అప్పట్నుంచీ ఏం లేదు. మనుషులు చెప్పేది వినిపిస్తుంది, జవాబు వస్తుంది, జవాబు సరైనదే అవుతుంది. భర్త ఒకసారి, నీతో మాట్లాడుతుంటే అద్దాల కౌంటర్ అవతలి మనిషితో మాట్లాడినట్టుందోయ్ అన్నాడు, అని, టీ పెట్టి తెచ్చి ఇచ్చాడు. టీ వేడిగా ఉంది. వేడిగా ఉందని తెలిసింది.

అత్తగారికి జ్వరం తగ్గుముఖం పట్టింది. నిన్నటి నుంచి మనుషుల్ని గుర్తు పడుతోంది. పొద్దున నర్సుతో ఆ దూది ముక్కలు పారేస్తున్నావా తల్లీ అని అడిగిందట. రాత్రి కాస్త ఒళ్ళు వెచ్చబడింది, తెల్లారేసరికి చల్లబడింది. ఈ స్థితిలో మందు మార్చితే ఏం కాదని పుస్తకాలు చెప్తాయి, ఆమె అనుభవమూ అదే చెప్తుంది. పుస్తకాల్లో అత్తగార్లు ఉండరు. వార్డు డాక్టరు, ఆ కుర్రాడే, లిఫ్టులో కాకి మాట అన్నవాడే, ఇందాక వసారాలోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. మేడమ్, మీ ఇంటి మనిషి. కల్చర్ ఏం వచ్చినా పెద్ద మందే ఉంచేద్దాం. ఈసారికి మీరు నన్నేం అడగొద్దు, నేను మిమ్మల్నేం అడగను. ఎంతో ఆప్యాయంగా అన్నాడు, ఇన్నాళ్ళూ ఆమెతో పోట్లాడింది మరిచిపోయి, పోట్లాటలో ఓడిపోయింది కూడా మరిచిపోయి. ఆడపడుచు అతనికేసి చేతులు జోడించినంత పని చేసింది. ఆమె తల ఊపింది. ఊపడం దేనికో అతను అనుకున్నది అతను అనుకుని ఉంటాడు. ఇలాంటి వాటికి పైన పెద్ద డాక్టరు ఉన్నాడు, తన వాళ్ళ సంగతి తను తేల్చకూడదని ఆమె ఆయనకి ఫోన్ చేసింది. ఆయన ఎక్కడో మీటింగులో ఉన్నాడు, కుర్చీలు జరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. అంతా విన్నాడు. తేల్చాల్సింది నేనే, కాదనను, కాని వేరే వాళ్ళ అత్తగారైతే నాకు ఏం చెప్పేదానివో అది చెప్పు, దానికి నేను సరే అంటాను అన్నాడు. పెద్దవాళ్ళు ఇలాగే, బరువు దించుతామని వచ్చి రెండో భుజం మీద పెట్టి వెళ్తారు.

ఉంచేస్తే ఏమవుతుంది. ఏమీ కాదు. ఒక్క ముసలావిడకి కొన్ని రోజులు. వచ్చే వారం ఎముకల వార్డులోనో పురిటి వార్డులోనో ఇంకెవరికో దిగమని చెప్పడానికి ఫోన్ తీస్తుంది, అవతలి గొంతు, మీ అత్తగారికి ఆపారా అని అడగకుండా, మర్యాదగా ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణం. అంతే అవుతుంది. మార్చేస్తే ఏమవుతుంది. బహుశా అదీ ఏమీ కాదు. బహుశా అనే మాట దగ్గరే ఆడపడుచు కూర్చుని సంచీ తాడు చుడుతోంది. ఈ మనిషి రాత్రుళ్ళు మంచం పక్కన చాప వేసుకుని, అమ్మ పాదాలు పట్టుకుని పడుకుంటోంది. కాళ్ళు చల్లబడితే తెలియాలి కదా అంటుంది. ఆమె పట్టుకున్నది ఎప్పుడూ మోచెయ్యే. నరం దొరకడానికి.

ఫోన్ మోగింది. మోగుతుందని తెలుసు కాబట్టి ఇద్దరూ ఉలిక్కిపడలేదు, ఆడపడుచు కళ్ళు తెరిచింది, అంతే. ల్యాబ్ అమ్మాయి గొంతులో సంతోషం ఉంది. దొరికిందండీ, బాగా పెరిగింది, పాతదానికే లొంగుతోంది, మనం రోజూ వాడే చిన్న ఇంజెక్షన్‌కే. పెద్దదానికీ లొంగుతుందనుకోండి. ఇంట్లో ఏవో గోళీలు వేసుకున్నారన్నారు కదా, వాటికి మాత్రం లొంగలేదు. సీసాలు మందుకి ముందే నింపారు కాబట్టి సరిపోయింది మేడమ్, లేకపోతే ఏదీ తెలిసేది కాదు. ఆమె థాంక్స్ చెప్పింది. లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టేశాయి, బల్ల తప్పు. పెద్ద డాక్టరుకి చెప్పింది, చిన్నదానికి దిగాలండీ అంది. సరే, రాత్రికి నేను ఫోన్ చేస్తాను అన్నాడు. వార్డు గుమ్మంలో నిలబడి ఉన్న కుర్ర డాక్టరుకి చెప్పింది. అతను ఆమె మొహంలోకి చూశాడు, ఏదో వెతికాడు, దొరకలేదు కాబోలు, సరే మేడమ్ అని లోపలికెళ్ళాడు.

వెనక్కి తిరిగితే ఆడపడుచు లేచి నిలబడి ఉంది. అంతా విందని మొహమే చెప్తోంది.

"ఏమ్మా మరదలా," అంది, గొంతు పెంచకుండా. "పరాయివాళ్ళకి చెప్పేదే మా అమ్మకీ చెప్పావన్నమాట."

"అవును వదినా."

"బాగవుతుంటే మార్చడమేంటి?"

"చిన్నది దీనికి సరిపోతుంది. దీనికోసమే పుట్టినట్టు సరిపోతుంది."

"జ్వరం మళ్ళీ వస్తే?"

"వస్తే నేనే వెళ్ళి తాళం తీస్తాను. ఎవరినీ అడగను."

"రాకపోతే?"

"రాకపోతే అది అల్మారాలోనే ఉంటుంది."

"ఎవరికోసం ఉంటుంది?" అంది ఆడపడుచు. దెప్పడానికి అనలేదు, నిజంగానే అడిగింది. అమ్మ వాటా నుంచి తీసింది ఎవరికి పోతుందో కనుక్కోవాలన్నట్టు అడిగింది. ఈ ప్రశ్న ఆమెని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. బాగా వచ్చిన జవాబుల్లో దీనికి జవాబు లేదు. నోరు తెరిస్తే వడ్రంగి భార్య చేతులు కళ్ళ ముందుకి వచ్చాయి, మాట్లాడినా ఊరుకున్నా కదిలే రెండు చేతులు. తెలీదు వదినా అంది, ఇంకా రాలేదు ఆ మనిషి.  ఆడపడుచు సంచీ భుజానికి తగిలించుకుని, నేల ఆరింది పద అంది.

నేల పూర్తిగా ఆరలేదు, మంచాల కాళ్ళ చుట్టూ తడి ఉంది. ఆడపడుచు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచింది. మంచం దగ్గర నర్సు పెద్ద మందు గొట్టం విప్పి, చిన్న మందు సీసా తగిలిస్తోంది. చిన్నదంటే చూడ్డానికీ చిన్నదే. అత్తగారు కళ్ళు చికిలించి దాన్నే చూస్తోంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి గాని చూపు ఇంట్లోదే, సంతలో సరుకు చూసే చూపు. ఆడపడుచు పాదాల దగ్గర తన చోట్లో కూర్చుంది.

"ఏంటే మార్చారు, అమ్మాయ్?" అంది అత్తగారు.

పెద్దది ఆపేసి చిన్నది పెట్టారని ఆమె చెప్పింది. తగ్గిపోయిందా నాకు, అని అడిగింది ఆవిడ. తగ్గుతోంది అత్తయ్యా, చిన్నది చాలు. అత్తగారు కాసేపు ఊపిరి తీసుకుంది. ఒక్కో ఊపిరికీ ఛాతీ మీద దుప్పటి కొంచెం లేచి దిగడాన్ని ఆమె లెక్కపెట్టబోయి, ఎందుకో మధ్యలో మానేసింది.

"నా డబ్బా చూశావా?"

"చూశాను. పారేశాను."

"అంతా?"

"అంతా."

అత్తగారు మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆడపడుచు అమ్మ పాదం మీద చెయ్యి ఆపి, ఇప్పుడేం అంటుందో అని చూసింది. బయట పార్కింగులో బండి ఎట్టకేలకు దాని చోట్లో ఇమిడినట్టుంది, రా రా అనే గొంతు ఆగిపోయింది. అలిగి నిద్రపోయిందనుకున్నారు ఇద్దరూ. కాని ఆవిడ చెయ్యి దుప్పటి కింద నుంచి మెల్లగా వచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది, బజార్లో పిల్ల తప్పిపోకుండా పట్టుకున్నట్టు.

"ఆ పెద్దది మిగిలిందా?"

"మిగిలింది అత్తయ్యా."

"నావన్నీ పారేశావు, పోనీలే," అంది అత్తగారు కళ్ళు మూసుకుంటూ. "దాన్నైనా దాచు. ఎవరికైనా కావల్సొస్తుంది."

దాస్తాను అని చెప్పడానికి నోరు తెరిచింది. నాలిక పెదవి లోపల కొరుక్కున్న చోటికి తగిలింది. ఉప్పగా ఉంది.